పద్నాలుగో అంశం: లామ్సన్ కొండదారి

విండ్రో ఊళ్ళో హెస్టర్ లామ్సన్‌ని ఇష్టపడిన మనిషి ఒక్కడు కూడా లేడు. ఆమె పోయాక చాటుగా అంటున్న మాట కాదిది. బతికుండగా ఆమె మొహం మీదే అన్నారు. ఆమె దానికి బాధపడిందీ లేదు. "నన్ను ఇష్టపడమని మిమ్మల్నెవరు బతిమాలారు? వరసలో, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మాట్లాడండి, చాలు" అనేది.

అమెరికాలో, వెర్మాంట్ కొండల్లో నూట ముప్ఫై గడపల ఊరది. ఏడాదికోసారి, మార్చి నెల మొదటి మంగళవారం, ఊరంతా టౌన్ హాల్లో చేరి తమను తామే పాలించుకుంటారు. అలాగని వాళ్ళు చెప్పుకుంటారు. రోడ్లు, బడి, పన్ను, చివరికి కుక్కల లైసెన్సు కూడా ఆ ఒక్కరోజే అందరూ కూర్చుని తేల్చుకోవాలి. హాలు గోడకి స్వాతంత్ర్య ప్రకటన అద్దం కట్టి వేలాడుతూ ఉంటుంది. పాలించబడేవాళ్ళ సమ్మతి లేనిదే ఏ ప్రభుత్వానికీ అధికారం రాదని అందులో ఉంది. దాని కిందే కూర్చుని మనవాళ్ళు, పొరుగువాడి సమ్మతి లేకుండా వాడి స్థలంలోకి కంచె ఎంత జరపొచ్చా అని ఆలోచిస్తుంటారు. ఆ అద్దం మీద దుమ్ము తుడిచినవాడు మాత్రం లేడు.

ఆ సభకి ఇరవై రెండేళ్ళుగా హెస్టరే అధ్యక్షురాలు. సభ పెట్టగానే మొదటి అంశం అధ్యక్షుల ఎన్నిక. ప్రతి ఏడూ మూతులు ముడుచుకుంటూనే ఆమెను ఎన్నుకునేవాళ్ళు. కారణం ఒక్కటే, ఆమె అందర్నీ సమానంగా తిడుతుంది. ఆ కుర్చీలో తన మనిషిని కూర్చోబెడదామంటే ఎదుటివాడు ఒప్పుకోడు, ఎదుటివాడి మనిషిని కూర్చోబెడితే వీడికి నిద్ర పట్టదు. ఎవరి మనిషీ కానిది ఊరు మొత్తానికి హెస్టర్ ఒక్కతే.

సభలో ఎవరూ ఎవరితోనూ నేరుగా మాట్లాడకూడదు. ఎంత కోపం ఉన్నా లేచి "అధ్యక్షా" అనాలి, ఆమెతోనే చెప్పుకోవాలి. బయట "ఏవే హెస్టర్" అనేవాడు కూడా లోపల "మీరు" అనాల్సిందే.

"అధ్యక్షా, ఆ మూడో వరసలో కూర్చున్న దొంగవెధవకి కాస్త చెప్పండి, వాడి ఆవులు మళ్ళీ మా మొక్కజొన్నలో పడ్డాయి" అని ఒకడు లేచేవాడు.

"'దొంగ' తీసెయ్. 'వెధవ' కూడా తీసెయ్. మిగిలింది చెప్పు."

"రెండూ తీసేస్తే ఇంక చెప్పడానికేం మిగల్లేదు అధ్యక్షా."

"అయితే కూర్చో."

మనిషికి రెండు నిమిషాలు. ముందున్న బల్ల మీద గడియారం పెట్టుకుని కూర్చునేది. రెండు నిమిషాలు దాటితే కొయ్య సుత్తి టకామని పడేది. మాట సగంలో ఉన్నా సరే, ఏడుపు సగంలో ఉన్నా సరే.

అంతకు ముందు ముప్ఫై ఏళ్ళు ఆమె ఊరి బళ్ళో టీచరు. ఒకే గది, ఎనిమిది తరగతులు, మధ్యలో కట్టెల పొయ్యి. నలభై ఏళ్ళు దాటిన విండ్రో వాళ్ళలో ఆమె చేతి బెత్తం తినని వీపు లేదు. చట్టం చేసేవాడు వేరు, అమలు చేసేవాడు వేరు, తప్పొప్పులు తేల్చేవాడు వేరు, ముగ్గురూ ఒకడే అయిన రోజు పారిపొండి అని చెప్పేది. పుస్తకంలో ఉన్నది పిల్లల తలకెక్కదని బళ్ళో పనులన్నీ ఓట్లతో నడిపించేది. చలికాలంలో పొయ్యికి కట్టెలు ఎవరు మోసుకురావాలన్నది సోమవారం సోమవారం పిల్లలే ఓటేసి తేల్చుకోవాలి. మొదటివారం ఎల్విన్ కెండ్రిక్ అనే తొమ్మిదేళ్ళ వాడి పేరు వచ్చింది. రెండోవారం వాడే. మూడోవారం, నాలుగోవారం కూడా వాడే. వాడికి నత్తి, స్నేహితులు లేరు. మిగతా పదహారు మందీ కడుపుబ్బ నవ్వుకుంటూ చేతులెత్తేవాళ్ళు. అయిదోవారం హెస్టర్ ఆ ఓటు కొట్టేసి, గోడ మీద వంతులు రాసి పెట్టింది. "పదహారు మంది ఒక్కటైతే ఒక్కడి నెత్తిన ఏదైనా పెట్టొచ్చనుకుంటున్నారా? దాన్ని ప్రభుత్వం అనరు, మంద అంటారు" అని పదహారు మందికీ తలా రెండు తగిలించింది.

ఆ ఎల్విన్ కెండ్రిక్ పెద్దయ్యాడు. నత్తి పోయింది. ఊరి వ్యవహారాలు చూసే ముగ్గురు పెద్దల్లో పెద్ద అయ్యాడు. హెస్టర్‌కి రుణపడి ఉన్నానని అతను ఎప్పుడూ అనుకోలేదు సరికదా, తను నవ్వులపాలైన రోజులు చూసిన మనిషి ఇంకా బతికుందే అని మండిపడేవాడు.

వాళ్ళిద్దరికీ బాహాటంగా చెడింది పందొమ్మిది వందల డెబ్భై మూడు మార్చిలో. ఆ ఏడు సభ చివర్లో, "ఇతర విషయాలు" అనే అంశం కింద ఎల్విన్ లేచి, మంచు తోసే కొత్త లారీ కొనాలని ప్రతిపాదించాడు. హెస్టర్ సుత్తితో ఒక్కటి కొట్టింది.

"సభ నోటీసులో లారీ ఉందా?"

"లేదు అధ్యక్షా, కానీ అందరూ ఇక్కడే ఉన్నారు కదా..."

"అందరూ లేరు. నోటీసు చూసి, ఇందులో మనకి పనికొచ్చేదేం లేదులే అని ఇంట్లో ఉండిపోయినవాళ్ళున్నారు. వాళ్ళకి తెలీకుండా వాళ్ళ మీద పన్ను వేస్తావా? చెల్లదు. కూర్చో."

ఎల్విన్ అప్పటికే లారీ కంపెనీ వాడికి మాట ఇచ్చేసి ఉన్నాడు. ఆ సంగతి హాల్లో సగం మందికి తెలుసు. కిసుక్కుమన్నారు. అతనికి తల కొట్టేసినట్టయింది.

మరుసటి జనవరి ఆఖర్లో కొట్టు ముందున్న పలక మీద సభ నోటీసు అంటించారు. పద్నాలుగో అంశం: "లామ్సన్ కొండదారి మీద చలికాలంలో మంచు తొలగించడం ఊరు మానుకోవచ్చునా?"

ఆ దారి మైలున్నర. ఆ చివర ఉన్నది ఒక్కటే ఇల్లు. హెస్టర్ పుట్టిందీ, పెరిగిందీ, అన్నదమ్ముల్ని సాగనంపిందీ అందులోనే. పెళ్ళి చేసుకోలేదు. డెబ్భై ఒకటో ఏడు, ఎడమ మోకాలు వంగదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ దారిలో మంచు తియ్యకపోతే ఆమె బతకడం కుదరదు, ఇల్లు వదిలి దిగిపోవాల్సిందే. దారి పోతే ఇల్లు పోయినట్టే.

హెస్టర్ నోటీసు రెండుసార్లు చదివింది. తర్వాత పోస్టాఫీసు దగ్గరికి వెళ్ళి అక్కడ అంటించారా లేదా చూసింది. టౌన్ హాలు తలుపు మీద కూడా చూసింది. సభకి ముప్ఫై రోజుల ముందు అంటించాలి. వేళ్ళు మడిచి లెక్కబెట్టింది, ముప్ఫై అయిదు ఉన్నాయి. అక్షరం పొల్లు పోలేదు. నోటీసు ఎలా రాయాలో ఎల్విన్‌కి నేర్పిందే తనాయె. ఎక్కడైనా చిన్న తప్పు దొరికితే బాగుండని మూడు చోట్లా తిరిగినందుకు ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది.

తిరిగి కొట్టు ముందుకి వచ్చేసరికి లోపల్నుంచి ఎల్విన్ బయటికొచ్చాడు.

"చూశావా హెస్టర్? నోటీసులో ఉంది ఈసారి."

"చూశా. స్పెల్లింగులు కూడా సరిగ్గా ఉన్నాయి. ఎవరిచేత రాయించావు?"

"నీమీద నాకేం పగ లేదు. లారీ ఆ కొండ మీద రెండుసార్లు గోతిలో పడింది. ఒక్క మనిషి కోసం మైలున్నర ఎలా తోస్తాం చెప్పు. నిర్ణయం నాది కాదు, ఊరిది."

"ఊరిది అని నువ్వు అనకు. వాళ్ళకి ఆ ఆలోచన పెట్టిందెవరో నాకు తెలుసు, నీకూ తెలుసు. సరే, ఊరినే అడుగు. పగ లేదని మాత్రం చెప్పకు, అబద్ధం ఆడటం నీకు చిన్నప్పుడూ రాదు."

ఎల్విన్ ఆ అంశాన్ని పద్నాలుగోదిగా ఊరికే పెట్టలేదు. మార్చి మొదట్లో మేపుల్ చెట్ల నుంచి పాకం కాచే రసం కారడం మొదలవుతుంది. రాత్రి గడ్డ కట్టి పగలు ఎండ కాసిందంటే కొండ మీద రైతులకి బకెట్లు పొర్లిపోతాయి. అలాంటి రోజు వాళ్ళు సభకి వచ్చినా, మధ్యాహ్నం చర్చి ఆడవాళ్ళు వడ్డించే పంది మాంసం, బీన్సు తిని, యాపిల్ పై ముక్క చేత్తో పట్టుకునే ఇంటికి పరిగెడతారు. హెస్టర్ కష్టం అర్థమయ్యేది ఆ కొండ జనానికే. వాళ్ళ దారులు కూడా అలాంటివే మరి. మధ్యాహ్నం తర్వాత మిగిలేది పల్లంలో ఉన్నవాళ్ళు.

సరిగ్గా అలాగే జరిగింది. ఆ మంగళవారం వెచ్చటి ఎండ. పన్నెండో అంశం అయ్యేసరికి కొండ మీద వాళ్ళు పదిమంది పైగా కోట్లు తొడుక్కుని జారుకున్నారు. అంశాన్ని ముందుకు జరపమని వాళ్ళలో ఒక్కడు లేచి అడిగితే చాలు, జరిగి ఉండేది. ఎవడికీ గుర్తు రాలేదు. అధ్యక్షురాలు తనంతట తాను అడగకూడదు. ఆమె పళ్ళు కొరుకుతూ వాళ్ళ వీపుల వంక చూసింది. స్వపరిపాలన అంటే రోజంతా కుర్చీలో కూర్చునే ఓపిక. ఆ మాత్రం లేనివాళ్ళు తర్వాత ఏడాదంతా ప్రభుత్వాన్ని తిడతారు. ఇలాంటివాళ్ళని చూస్తే ఎవరికైనా అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

పద్నాలుగో అంశం చదివి హెస్టర్ సుత్తి కింద పెట్టింది. "ఇది నాకు సంబంధించింది. ఈ కుర్చీలో నేనుండకూడదు. ఇంకొకర్ని చూసుకోండి" అని దిగి వచ్చి మొదటి వరస చివర కూర్చుంది. జనం ఎల్విన్ బావమరిది క్లేటన్‌ని కుర్చీలో కూర్చోబెట్టారు. అతను మెత్తటి మనిషి. సుత్తిని గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఎల్విన్ తన రెండు నిమిషాలూ వాడుకున్నాడు. లారీ, గొయ్యి, మైలున్నర. చివర్లో, "ఎక్కువ మంది మేలు చూడాలని మనకి బళ్ళో నేర్పించారు అధ్యక్షా" అని హెస్టర్ వంక చూడకుండా అన్నాడు.

హెస్టర్ లేచింది. బతిమాలితే సరిపోయేది. "నాకు వెళ్ళడానికి ఇంకో చోటు లేదు" అని ఒక్క ముక్క అంటే, ఎంత బండవాళ్ళయినా పదిమంది కరిగేవాళ్ళు. ఆ ముక్క ఆమె నోట్లోంచి రాలేదు.

"అధ్యక్షా, ఆ పెద్దమనిషి బళ్ళో సగమే నేర్చుకున్నాడు. మిగతా సగం నేను చెప్తా. తొమ్మిదేళ్ళప్పుడు పదహారు మంది ఓటేసి అతని చేత నెల రోజులు కట్టెలు మోయించారు. అప్పుడు ఎక్కువమంది మేలు అతనికి రుచించలేదు. ఏడుస్తూ నా గౌను పట్టుకుని..."

హాలంతా గొల్లుమంది. ఎల్విన్ మొహం కందగడ్డయింది. అతని వెనక వరసలో కూర్చున్న అతని భార్య, కూతురు తలలు దించుకున్నారు. వాళ్ళని చూసి నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, "అయ్యో, ఏం మనిషమ్మా" అని గొణిగారు.

హెస్టర్ ఆగలేదు. "దారి ఉంటే నాకు మేలు, లేకపోతే మీకు మేలు, సంగతి అది కాదు. ఒక్కళ్ళది కాబట్టి తీసేద్దాం అంటే రేపు ఇద్దరిది తీసేస్తారు. మీలో ఎవరెవరి దారిలో ఎన్ని గడపలున్నాయో లెక్కబెట్టుకోండి. ఈ హాల్లో 'వాళ్ళు' అనేవాళ్ళు లేరు, ఉన్నదంతా మనమే. మీరు రేపు..."

"రెండు నిమిషాలు అయిపోయాయి హెస్టర్... మేడమ్" అన్నాడు క్లేటన్ భయంభయంగా.

ఆమె గడియారం వంక చూసింది. నిజమే, అయిపోయాయి. కూర్చుంది.

"ఔననేవాళ్ళు?" అన్నాడు క్లేటన్. హాలు అదిరింది. "కాదనేవాళ్ళు?" అదీ గట్టిగానే వినబడింది, కానీ మొదటిదంత కాదు. "ఔననే నెగ్గినట్టుంది" అని అతను సుత్తి ఎత్తాడు.

"కాగితాల మీద కావాలి!" హెస్టర్ లేచి నిలబడింది.

నోటి ఓటు మీద అనుమానం ఉంటే కాగితాల మీద రహస్య ఓటు అడగొచ్చు. ఏడుగురు లేచి నిలబడాలి. హెస్టర్ ఒకటి. పోస్టాఫీసు నడిపే విధవావిడ రెండు. వెనక గోడకి ఆనుకున్న ముసలి అన్నదమ్ములు ఇద్దరు, ఊరికి కొత్తగా వచ్చిన జడల జుట్టు కుర్రజంట. ఆరు. అంతే. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ బిగదీసుకుని కూర్చున్నారు.

అప్పుడు కిటికీ పక్కనుంచి రోజేర్ తీబో లేచాడు. అతను క్యూబెక్ నుంచి వచ్చి స్థిరపడ్డ పాడి రైతు. హెస్టర్ కొండకి అవతలి వైపు ఉంటాడు, అతనికి వేరే దారి ఉంది. పదకొండేళ్ళుగా ఆమెతో మాటల్లేవు. కాలవ పొంగి తన కొట్టం మునిగిందని చెప్పుకోడానికి ఒకసారి సభలో లేస్తే, "నువ్వు ఈ దేశపు పౌరుడివి కాదు, ఓటరువి కాదు, సభలో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటేనే మాట్లాడాలి" అంది హెస్టర్. రెండు చేతులు తక్కువయ్యాయి. కూర్చోబెట్టేసింది. ఆ కసితోనే అతను ప్రభుత్వం పుస్తకం బట్టీపట్టి, మరుసటి ఏడాదికల్లా పౌరుడయ్యాడు. ఇప్పుడు రాజ్యాంగం గురించి ఊళ్ళో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, హెస్టర్‌కి తప్ప.

"అధ్యక్షా," అన్నాడు రోజేర్ తన యాసలో, "ఆ మేడమ్‌కి ఒక మాట చెప్పండి. నేను ఆవిడకి వ్యతిరేకంగానే వేస్తా. పదకొండేళ్ళ నుంచి ఈ రోజు కోసమే చూస్తున్నా. కానీ కాగితం మీద వేస్తా. ఎవరు ఏమనుకుంటారోనని అరిచేవాళ్ళూ, అరవకుండా ఊరుకునేవాళ్ళూ ఇక్కడ బోలెడు మంది ఉన్నారు. ఏడో మనిషిని నేను."

"నీ సాయం నేనడగలేదు" అంది హెస్టర్.

"ఆవిడ నాతో నేరుగా మాట్లాడుతోంది అధ్యక్షా. తప్పు కదా?"

క్లేటన్ ఎటూ పాలుపోక సుత్తితో ఒకటి కొట్టి, పెట్టె తెమ్మన్నాడు.

క్లర్కు వెల్మా ఓటర్ల జాబితా ముందేసుకుని కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి పేరు చెప్పాలి, ఆమె టిక్కు పెట్టాలి, కాగితం పెట్టెలో వెయ్యాలి. అందరికీ చీటీలు పంచారు. హెస్టర్ తన చీటీ మీద "కాదు" అని రాసింది. ఈలోగా పెట్టె దగ్గర తోపులాట మొదలైంది. క్లేటన్ "కాస్త, కాస్త" అంటున్నాడు, వినే నాథుడు లేడు.

హెస్టర్‌కి చూస్తూ కూర్చోవడం చాతకాలేదు. చీటీ స్వెట్టరు జేబులో పెట్టుకుని వెళ్ళి పెట్టె పక్కన నిలబడింది. "ఒకే వరస! రెండు వరసలు ఎవరు కట్టమన్నారు? మడత పెట్టి వెయ్యి, నీ తెలివి ఊరంతా చదవాలా? ఏయ్, వేసినవాళ్ళు అక్కడే నిలబడకండి!" ఇరవై రెండేళ్ళ అలవాటు. జనం కూడా అలవాటుగానే వరస కట్టారు. ఆమె ఇంటిని ఆమె చేతుల్లోంచి లాగేసుకునే ఓట్లు, ఆమె కసురుతుంటే బుద్ధిగా ఒక్కొక్కటే పెట్టెలో పడ్డాయి. కర్ర పట్టుకుని వచ్చిన ఒక ముసలాయనకి చెయ్యి వణికితే ఆమే మూత ఎత్తి పట్టుకుంది. ఎల్విన్ వేశాడు. రోజేర్ వేశాడు, ఆమె మొహం చూడకుండా.

"ఇంకా ఎవరైనా ఉన్నారా?" అని క్లేటన్ అడిగాడు.

హెస్టర్ వరసలన్నీ ఒకసారి కలియజూసింది. "ఎవరూ లేరు. మూసెయ్" అంది.

క్లేటన్ సుత్తి కొట్టి పెట్టె మూసినట్టు ప్రకటించాడు. వెల్మా, మరో ఇద్దరూ పక్క గదిలోకి తీసుకెళ్ళారు. క్లేటన్ హమ్మయ్య అనుకుంటూ కుర్చీ దిగాడు. హెస్టర్ తిరిగి అధ్యక్షురాలి కుర్చీలో కూర్చుని, లెక్క అయ్యేలోపు కాలం వృథా ఎందుకని పదిహేనో అంశం ఎత్తుకుంది. కుక్కల లైసెన్సు. ఎవరో వేటకుక్కల గురించి ఏదో అంటున్నారు. ఆమె గడియారం వంక చూస్తోంది.

వెల్మా వచ్చి ఫలితం రాసిన కాగితం బల్ల మీద పెట్టింది. వెళ్ళిపోకుండా వంగి, "హెస్టర్, జాబితాలో నీ పేరు దగ్గర టిక్కు లేదు" అంది మెల్లగా.

హెస్టర్ కళ్ళజోడు కోసం జేబులో చెయ్యి పెట్టింది. కళ్ళజోడుతో పాటు చీటీ కూడా చేతిలోకి వచ్చింది. "కాదు" అని తన దస్తూరీలోనే ఉంది.

కుర్చీలో ఉన్నవాళ్ళు, రెండు పక్షాలూ సమానమైతే తప్ప ఓటు వెయ్యకూడదన్నది ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. ఇరవై రెండేళ్ళలో అలాంటి అవసరం రాలేదు, ఆమె కాగితం పెట్టెలో పడనూ లేదు. పెట్టె పక్కన నిలబడి ఊరి చేత వేయించడమే ఆమె పని. ఈ ఒక్కరోజు తను కుర్చీ దిగిన మామూలు ఓటరునని ఆమె కాళ్ళకి తెలిసింది, చేతులకి తెలియలేదు.

ఫలితం కాగితం విప్పింది. ఔను ముప్ఫై ఆరు. కాదు ముప్ఫై అయిదు. ఇంకొక్క "కాదు" పడితే సమానం. సమానమైతే అంశం వీగిపోతుంది, దారి ఉంటుంది.

మొదటి వరసలో వాళ్ళకి వెల్మా మాట వినబడింది. రెండో వరసకి పాకింది. హాలంతా గుసగుసలు. కాసేపటికి ఎల్విన్ కెండ్రిక్ లేచాడు. అతని మొహంలో ఇందాకటి రంగు లేదు.

"అధ్యక్షా, మీరు వెయ్యలేదట. పెట్టె తెప్పించండి. వేసెయ్యండి."

"వెయ్యమ్మా, వెయ్యి" అని వెనకనుంచి ఎవరో అన్నారు. "మర్చిపోతే ఏమైంది", "ఒక్క చీటీయే కదా", "ఎవరికీ అభ్యంతరం లేదు, అడుగు కావాలంటే". ముప్ఫై ఆరు మందికీ ఒక్కసారిగా దయ పుట్టుకొచ్చింది. ఇంటిని తీసుకునేటప్పుడు లేని మొహమాటం, ఆమె పొరపాటుని చూసేసరికి వచ్చింది. జనం దయ ఎప్పుడూ ఇలాగే, అడిగిన రోజున రాదు.

హెస్టర్ చేతిలో చీటీ వంక చూసింది. కొండ మీద ఇల్లు, వంటగది కిటికీ, తమ్ముడు పోయిన గది, అన్నీ ఆ చీటీ మీదే ఉన్నాయి. ఊరంతా వెయ్యమంటోంది. వేస్తే తప్పు పట్టేవాడు లేడు.

"ఎన్ని ఓట్లొచ్చాయో నాకు తెలిసిపోయింది" అంది. "తెలిశాక వేసేది ఓటు కాదు. పెట్టె మూసెయ్యమన్నది నేనే. మూసిన పెట్టె ఇంకొకళ్ళ కోసం తెరవమంటే మీకు అభ్యంతరం ఉండేదా లేదా? నిజం చెప్పండి. ఉండేది. ఎల్విన్, కూర్చో. నీకు మాట్లాడటానికి అనుమతి ఇవ్వలేదు."

"పిచ్చి ముసల్దానా, నీ ఇల్లే అది!" ఎల్విన్ అరిచాడు. 'అధ్యక్షా' అనడం మర్చిపోయాడు.

"'పిచ్చి' తీసెయ్" అంది హెస్టర్. సుత్తి ఎత్తింది. "పద్నాలుగో అంశం. ఔను ముప్ఫై ఆరు, కాదు ముప్ఫై అయిదు. అంశం నెగ్గింది."

సుత్తి పడింది. కుక్కల సంగతి మాట్లాడుతున్నవాడు ఇంకా నిలబడే ఉన్నాడు. అతనికి ఇంకా నలభై సెకన్లు ఉన్నాయని చెప్పింది.

సభ ముగిశాక మెట్ల మీద రోజేర్ తీబో ఎదురొచ్చాడు. పదకొండేళ్ళ తర్వాత ఆమెతో నేరుగా మాట్లాడాడు.

"నేను చెప్పినట్టే వేశా."

"తెలుసు."

"మళ్ళీ వెయ్యమన్నా అలాగే వేస్తా."

"వెయ్యి. అది నీ హక్కు. దారికి అడ్డం తప్పుకో" అని ఆమె మోకాలు ఈడ్చుకుంటూ కారు దగ్గరికి పోయింది.

అక్టోబరు ఆఖర్లో హెస్టర్ కొండ దిగి, ఊళ్ళో దాణా కొట్టు మీదున్న రెండు గదుల్లోకి మారింది. సామాను దింపుతామని నలుగురు వస్తే వద్దని తరిమేసింది. ఆ చలికాలం కొండదారి మీద నాలుగడుగుల మంచు పడింది, ఎవరూ తియ్యలేదు. ఫిబ్రవరిలో ఆ ఇంటి కప్పు ఒక పక్క కూలిందని వేటగాళ్ళు చెప్పారు.

మార్చి మొదటి మంగళవారం వచ్చింది. మొదటి అంశం అధ్యక్షుల ఎన్నిక. హెస్టర్ పేరు ఎవరూ ప్రతిపాదించలేదు. ఆమె కళ్ళలోకి చూస్తూ "అధ్యక్షా" అనే ధైర్యం ఆ హాల్లో ఎవరికీ లేకపోయింది. క్లేటన్‌ని ఎన్నుకున్నారు. హెస్టర్ నాలుగో వరసలో, కోటు విప్పకుండా కూర్చుంది. కుర్చీలో లేదు కాబట్టి ఇప్పుడు అందరితో పాటు ఆమెకూ ప్రతి అంశం మీదా ఓటుంది. బడి బడ్జెట్టుకి "కాదు" అంది. వంతెన మరమ్మతుకి "కాదు" అంది. మంచు తోసే కొత్త లారీకి "కాదు" అంది, అందరికంటే గట్టిగా. సాయంత్రం దాకా పదిహేడు అంశాలకి పదిహేడు సార్లు అంది. క్లేటన్ ప్రతిసారీ ఆ గొంతు కోసం ఆగి, అది వినబడ్డాకే సుత్తి కొట్టాడు.